చుట్టలో నిప్పు

ఆ రోజు కోటబొమ్మాళి స్టేషన్‌ బెంచీ మీద ఓ ముసలమ్మ చుట్ట తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, నా సంచీకేసే చూస్తోంది. సంచీ ఒళ్లోకి లాక్కున్నాను.

"నిప్పు లోపలికెందుకు, మామ్మా?" అన్నాను, ఆవిడ చూపు మళ్లిద్దామని.

"మా ముత్తాత నేర్పినాడు, బాబూ. తెల్లోల్ల పటాలంలో బర్మా యుద్దానికెల్లినాడు. సీకట్లో నిప్పు కనపడితే గుండొస్తాదని అక్కడ అలవాటైనాది. ఊరొచ్చినా మాన్లేదు."

కథ అల్లుతోందనుకున్నాను. "ఎలా పోయాడు?"

"అరుగు మీద, నోట్లో సుట్టతోనే. నిప్పు బయటుంటే ఆరిపోయినాదని తెలిసును. పొద్దల్లా కూకున్నాడనే అనుకున్నారు."

ఆవిడ చుట్ట మీద పెదాలు మూసింది. మరి కదల్లేదు.

సంచీ సంగతి మరిచిపోయాను. రైలొచ్చేదాకా ఆవిడ మొహంకేసే చూస్తూ కూర్చున్నాను, పొగ వస్తోందా అని.