తీసేసిన లైటు వెలుగు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఉండి ఉంటే కృష్ణ ఒడ్డున ఇంతకాలం కాపురం చేయగలిగేదాన్ని కాదు. ఎవరైనా నీళ్లలో పడిపోతే వెతకడానికి మా ఆయన బాలస్వామినే పిలిపిస్తారు. శవాన్ని ఒడ్డుకు చేర్చి వచ్చిన రోజు కూడా అతను స్నానం చేసి అన్నం తింటాడు, నేను వడ్డిస్తాను. చీకట్లో వినిపించే చప్పుళ్లలో ఏది చేపదో, ఏది కుక్కదో, ఏది గాలిదో మాకు తెలుసు. అందుకే ఇప్పుడు చెప్పబోయేదాన్ని నేనే చాలాసార్లు కొట్టిపారేయాలని చూశాను.

అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా వచ్చాయి. కోడలు జ్యోతి కాపురానికి వచ్చాక ఆమె దగ్గర నేర్చుకున్నాను. కొడుకు పట్నంలో పనికి ఉంటాడు, ఆమె మాతోనే ఉంటుంది. రాయడం ఇంకా నెమ్మదే. ఒక్కో మాట కూడబలుక్కుని రాసేటప్పుడు జరగనిది కలపడానికి మనసొప్పదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది కొల్లాపూర్ దాటాక నీళ్ల అంచున ఉన్న ఊరు. డ్యాం కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోతే మిట్ట మీదికి వచ్చి కట్టుకున్న ఇళ్లు. మా ఇల్లు అన్నింటికంటే చివరిది. చేపల వలలు, తెడ్డేసి నడిపే గుండ్రటి పుట్టి ఇంటి ముందే ఉంటాయి. ఒకసారి దొంగలు వలలు ఎత్తుకుపోయాక మా ఆయన నీళ్లవైపు గోడకు పెద్ద హాలోజన్ లైటు పెట్టించాడు. మా దగ్గర బల్బును బుగ్గ అంటారు. అది వెలిగితే పుట్టి దాకా పసుపు వెలుతురు పడేది. దాని రేకు ముట్టుకుంటే కాలేది. పురుగులు అద్దానికి తగిలి మాడిన వాసన వాకిలంతా ఉండేది.

వీధి లైట్లన్నీ తెల్ల ఎల్‌ఈడీలు అయ్యాక, నీళ్ల మీద నుంచి చూస్తే ఒడ్డంతా ఒకే రకం తెల్ల చుక్కలట. మాది ఒక్కటే పసుపు. మా రేవు ముందర నీళ్లలో పెద్ద బండ ఉంది. దాని చుట్టూ పాత ఊరి చెట్ల మోడులు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అవి పైకి కనిపించవు, తగిలితే పుట్టి అడుగు చిరిగిపోతుంది. చీకటి పడ్డాక వచ్చేవాళ్లు మా బుగ్గను కుడివైపు ఉంచుకుని బండ దాటి, తర్వాత నేరుగా బుగ్గ మీదికే తెడ్డు వేసేవాళ్లు. మా ఆయనకే కాదు, మా మరిది కుర్మయ్యకూ, మిగతా అందరికీ అదే గుర్తు.

మొన్నటి వానకాలంలో ఆ లైటు అద్దం పగిలింది. లోపలికి నీళ్లు పోయి గోడ షాక్ కొట్టసాగింది. జ్యోతి ఒకసారి చెయ్యి ఆనించి కిందపడింది. ఇక అది తీసేసి ఎల్‌ఈడీ పెట్టిద్దామనుకున్నాం. మా ఆయన సరేనన్నాడు. కానీ పెట్టే రోజు ముందే తెలియాలన్నాడు. ఆ రోజు తాను నీళ్ల మీదికి పోకుండా అందరికీ చెప్పి, కొత్త గుర్తు చూసుకోవాలన్నాడు. కరెంటు పని చేసే రఫీ ఆదివారం వస్తానన్నాడు.

అతను ఆదివారం దాకా ఆగకుండా, ఒక సాయంత్రం పక్క వీధిలో పని ఉందని వచ్చి, పనిలో పని ఇదీ చేసిపోతానన్నాడు. అప్పుడే మా ఆయన పుట్టిని నూకి ఎక్కాడు. కేక వేస్తే వినపడే దూరమే.

"పిల్వు అత్తా. మామకు చెప్పు," అంది జ్యోతి.

"పుట్టి ఎక్కినోన్ని ఎన్కనుంచి పిలుస్తరా? ఊకో," అన్నాను.

మాలో ఆ పని చేయరు. నీళ్ల మీదికి పోయేవాడిని వెనక నుంచి పిలవం, ఎప్పుడొస్తావని అడగం. ఫోన్ తడుస్తుందని అతను ఇంట్లోనే పెట్టిపోతాడు. రఫీని పంపేద్దామంటే షాక్ కొట్టే గోడ. వెలుతురు ఉండగానే వచ్చేస్తాడులే అనుకున్నాను.

"గిది బుగ్గనా, పొయ్యినా పెద్దమ్మా? గిన్నె వెడితే అన్నం ఉడుకుతది," అని రఫీ నిచ్చెన మీద నుంచే నవ్వించాడు. విప్పేటప్పుడు లోపలి గాజు కడ్డీ రెండు ముక్కలైంది. ఆ పాత లైటు డబ్బాను చేపల గంపలో వేసి అరుగు మీద పెట్టాను. కొత్త లైటు తెల్లగా, చల్లగా వెలిగింది. నేల మీద రాలిన చేప పొలుసులు కూడా కనిపించాయి. బాగుందనుకున్నాను.

చీకటి పడుతుండగా గాలి లేచింది. ఒక్కొక్క పుట్టీ వచ్చింది. కుర్మయ్య మా రేవుకు కాకుండా చాలా దిగువకు చేరి, ఒడ్డు వెంట నడిచి వచ్చాడు.

"ఏంది వదినా, బుగ్గ తీస్తిరా? మీ ఇల్లు ఏడుందో గానరాలే. అందాజగ తెడ్డేసిన. అన్నకు చెప్పినవా?"

నేను లోపలికి పోయి ఫోన్ తెచ్చుకున్నాను.

రఫీకి ఫోన్ చేసి, వచ్చి పాతది మళ్లీ పెట్టమన్నాను. "కడ్డీ పలిగింది గద పెద్దమ్మా. వనపర్తికి పోతెనే దొరుకుతది. గిప్పుడు నన్నేం జెయ్యమంటవ్," అన్నాడు. నిజమే, అతను మాత్రం ఏం చేస్తాడు. జ్యోతి తన పసుపు చున్నీ తెచ్చి, నిచ్చెన ఎక్కి, కొత్త లైటుకు కట్టింది. ఆమె కిందికి దిగకముందే ఊరంతా కరెంటు పోయింది.

నీళ్లేవో ఒడ్డేదో తెలియలేదు. మంట వేద్దామంటే వాన మొదలైంది, పుల్లలు అంటుకోలేదు. కుర్మయ్య పుట్టి వేసుకుని ఎదురు పోతానంటే నేనే వద్దన్నాను. ఇద్దరూ పోతే ఎట్లా? జ్యోతి ఫోన్ లైటు పట్టుకుని ఊపింది. ఆ వెలుతురు మా కాళ్ల దగ్గరి నీళ్లకే చాలలేదు. కేకలు వేశాం. గాలి మా ముఖాల మీదికే కొడుతోంది, మా కేకలు మాకే వినిపించలేదు. ఇంకేం చేయాలో ఎవరికీ తోచలేదు. తడుస్తూ నిలబడ్డాం.

చాలాసేపటికి తెడ్డు చప్పుడు వినిపించింది. పుట్టి రోజూ ఆగే రాయి దగ్గరే వచ్చి ఆగింది. మా ఆయన నిలువునా తడిసిపోయాడు గాని కంగారు లేదు. తాడు నా చేతికిచ్చి అడిగాడు.

"ఊరంత కరెంటు వోయింది గద. మన బుగ్గ ఒక్కటే ఎట్ల ఎలిగింది? ఇన్వర్టర్ గిట్ల వెట్టిచ్చినవా?"

"ఏ బుగ్గ అన్నా?" అన్నాడు కుర్మయ్య.

"మనదే. పసుప్పచ్చగ. ఒడ్డు దగ్గరికొచ్చేదాంక ఉండె. ఇప్పుడే ఆర్పిండ్రు గద."

ఇంట్లోకి పోతూ అరుగు మీద అడ్డంగా ఉన్న గంపను జరపబోయాను. చెయ్యి చురుక్కుమంది. పాత లైటు డబ్బా వేడిగా ఉంది. పురుగులు మాడిన వాసన. ఊళ్లో కరెంటు లేదు. డబ్బాకు వైరు లేదు. లోపలి కడ్డీ రెండు ముక్కలు. జ్యోతిని పిలిచి ముట్టుకోమన్నాను. ముట్టుకుని, చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది.

మంచే జరిగింది కదా అన్నారు అందరూ. అంతటితో అయిపోతే నేనూ అదే అనుకుని ఊరుకునేదాన్ని. కానీ తర్వాతి రోజుల్లోనూ మా ఆయన దాన్ని చూసుకునే వచ్చాడు. వాకిట్లో నిలబడితే తనకూ తెల్ల లైటే కనిపిస్తుందంటాడు. నీళ్ల మీదికి పోతే మాత్రం పసుపు బుగ్గ. ఒక సాయంత్రం కుర్మయ్య అదే పుట్టిలో వెంట పోయాడు. "అన్న సూపెట్టిన దిక్కు నాకు ఏం గానరాలే వదినా. అన్ని తెల్ల బుగ్గలే," అని వచ్చి చెప్పాడు. వనపర్తి దవాఖానలో కళ్లు చూపించాం. కళ్లు బాగున్నాయన్నారు.

కొన్నాళ్లకు అన్నం తింటూ అడిగాడు.

"బుగ్గ జర పక్కకు జరిపిండ్రా ఏంది? బండ దిక్కు వోయినట్టు కనవడుతుంది."

బండ అవతల మునిగిన పాత ఊరు తప్ప ఏమీ లేదు. పొద్దున లేచి చూస్తే పుట్టి అడుగున గీతలున్నాయి.

ఇక ఆగలేదు. రఫీతో వనపర్తి నుంచి కొత్త హాలోజన్ తెప్పించి, వైరు మార్పించి, ఎల్‌ఈడీ తీయించి, పాత చోటే పెట్టించాను. "అందరు ఇది తీసి అది వెట్టుకుంటరు, నువ్వు అది తీసి ఇది వెట్టిస్తున్నవ్," అని రఫీ నవ్వాడు. పాత డబ్బాను పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఈసారి మా ఆయనకూ, ఊళ్లో వాళ్లకూ ముందే చెప్పాను. నిజమైనది వెలిగితే లేనిది పోతుందని నా ఆశ.

ఆ సాయంత్రం కుర్మయ్య త్వరగానే వచ్చి, బుగ్గ బాగా కనిపిస్తోందన్నాడు. మా ఆయన ఆలస్యంగా వచ్చాడు. పుట్టి దిగి గోడ మీది లైటునే కాసేపు చూశాడు.

"ఇప్పుడు రెండు కనవడుతున్నయే," అన్నాడు. "ఒకటి ఈడ, ఒకటి బండ అవతల. రెండూ ఒక్కతీరుగనే ఉన్నయ్. మనది ఏదో గుర్తు వట్టేటందుకే లేటయింది."

చేపల పని మానెయ్యమన్నాను. "మాని ఏం తిందాం? ఉన్న బుగ్గకు ఇంకోటి తోడైతే నీకేం కష్టమొచ్చెనే," అన్నాడు. చీకటి పడకముందే రమ్మంటే సరేనంటాడు. వల చిక్కుబడితే మళ్లీ ఆలస్యమే. అతనికి భయం లేదు. భయపడమని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. ఆ గాలివానలో అతన్ని ఇంటికి తెచ్చింది కూడా ఆ వెలుగే కదా. అది ఎక్కడి నుంచి వస్తుందో, అతనొక్కడికే ఎందుకు కనిపిస్తుందో, మేలు కోరుతుందో కీడు కోరుతుందో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

నిన్న అతను పుట్టి ఎక్కాక, అపశకునమనైనా ఆగుతాడని నేను వెనక నుంచి పిలిచాను. కాపురానికి వచ్చిన నాటి నుంచి నోట పలకని పేరు పెట్టి పిలిచాను. వినపడే దూరమే. జ్యోతి ఇంట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది. అతను మాత్రం తిరగలేదు. బండ వైపు చూస్తూ తెడ్డు వేసుకుంటూ పోయాడు.

చీకటి పడ్డాక వచ్చాడు. నా కేక విననట్టే చేపల గంప దించి, అన్నం పెట్టమన్నాడు.

ఇవాళ మళ్లీ పోయాడు. ఇంకా వెలుతురు ఉండగానే లైటు వేసి, దాని కిందే కూర్చుని ఇది రాస్తున్నాను.