బంతి నిద్రచేసే ఇల్లు

నా చిన్నప్పుడు ఒక్క అబద్ధంతో ఒక మంచి మనిషిని ఊరందరి ముందు దోషిగా నిలబెట్టాను. "మా ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు బాగానే ఉందండీ" అన్నాను, అంతే. అంత చిన్న మాట.

మాది గోదావరి కాలవ మీద పడవల్ని దాటించే లాకు ఉన్న ఊరు. మా తాతయ్య ఆ లాకు తలుపులు తీయించే ఉద్యోగి. మిషను బడి మాస్టారు ఒకాయన రాజమండ్రిలో నేర్చుకున్న కాలిబంతి ఆటను మా ఊరికి తెచ్చారు. కొత్తలో అందరికీ అనుమానమే. బంతి తన్నించి పిల్లల్ని మతంలో కలిపేసుకుంటారని కొందరు, కాళ్ళు విరగ్గొట్టుకుంటే పొలం పనికి ఎవరొస్తారని కొందరు. అయినా ఆట ఊరికి అంటుకుంది. తోలుబంతి తెప్పించడానికి ప్రతి ఇంట్లో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టారు. చర్చి కోసం అలా తీసిపెట్టడం క్రైస్తవుల ఇళ్ళలో అలవాటే. బంతి కోసం మిగతా ఇళ్ళూ అదే పద్ధతి పట్టాయి.

అందరి బియ్యంతో వచ్చిన బంతి గనుక అది ఏ ఒక్కరిదీ కాదు. మరి ఎవరింట్లో ఉంచాలన్న దగ్గర మళ్ళీ అనుమానాలు. చివరికి వారానికో ఇంట్లో నిద్రచేయాలని తీర్మానమైంది. తోలు గడప దాటకూడదన్న షావుకారు గారు సైతం తన వంతు వదులుకోలేదు. అరుగు మీద ఉట్టి కట్టించి అందులో పెట్టించారు. బంతి ఉన్న ఇంటి పిల్లలకు ఆ వారమంతా గొప్పే. మిగతా ఇళ్ళ కళ్ళన్నీ మాత్రం ఆ ఇంటి మీదే.

వేసవిలో నీళ్ళు ఆపి కాలవ కట్టేశాక ఎండిన కాలవ అడుగే మా ఆటస్థలం. ఆ ఏడు పొరుగూరి జట్టు మాతో ఆడటానికి వస్తామంది. మా వంతు ఆఖరి రోజున నేనొక్కణ్ణే బంతి పట్టుకుపోయి, ఆడుతూ అడుగున మిగిలిన మడుగులో పడేశాను. తోలు నీళ్ళు పీల్చి బరువెక్కింది. తడిస్తే నీడనే ఆరబెట్టాలని మాస్టారు ఎన్నోసార్లు చెప్పారు. తెల్లారితే తరువాతి వంతు ఇంటికి ఇవ్వాలన్న కంగారులో నేను దాన్ని పాలు కాగే దాలి పక్కన పెట్టాను. పిడకల సెగకు తోలు బిగుసుకుపోయి కుట్ల దగ్గర పెళుసెక్కింది. ఆముదం పట్టించి మెరిపించి, మర్నాడు ఏమీ ఎరగనట్టు పడవ మామయ్య ఇంట్లో ఇచ్చి వచ్చాను. ధాన్యం పడవ నడిపే ఆయన్ని పిల్లలందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆయన కొడుకు మా జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు.

ఆట రోజున ఆ అబ్బాయి మొదటి తన్ను తన్నగానే కుట్టు చిరిగి లోపలి రబ్బరు తిత్తి పగిలిపోయింది. పొరుగూరివాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మావాళ్ళందరూ పడవ మామయ్య వైపు తిరిగారు.

"మంచి తోలు తీసేసి పాత తోలు కుట్టించుంటాడు. పడవ మీద ఊళ్ళు తిరిగేవాడికి అదెంత పని!"

"కాలవ కట్టేశారు కదటయ్యా, పడవెక్కడ నడిచింది?"

"నడవని పడవలో దాచడం ఇంకా సుళువు!"

మీ ఇంట్లో ఉన్నప్పుడు ఎలా ఉందని అప్పుడే ఎవరో నన్నడిగితే నేను ఆ మాట అన్నాను. ఇక ఆ ఇంటికి వంతు తీసేయాలని, కొడుకుని ఆటలోంచి పంపేయాలని గోల మొదలైంది.

తాతయ్య పిడికెడు బియ్యపు కుండ తెప్పించారు. తప్పు చేసినవాడి నోట బియ్యం తడవదని మావైపు ఒక పాత నమ్మకం. బంతి నిద్రచేసిన ప్రతి ఇంటివాళ్ళకూ చిటికెడు ఇచ్చి, నమిలి అరచేతిలో ఉమ్మమన్నారు. మా ఇంటి తరఫున తనూ నమిలారు, నాకూ ఇచ్చారు. అందరి చూపూ పడవ మామయ్య మీదే ఉందని నేను నిబ్బరంగా నమిలాను. నాది మెత్తగా ముద్దయింది. ఆయన చేతిలో మాత్రం పొడిపిండి రాలింది.

"చూశారా!" అని కేక లేచింది.

తాతయ్య తన అరచేయి చాపారు. అదీ పొడే.

"నాదీ తడవలేదు మరి. నన్నూ తీసేస్తారాండీ?"

ఎండేది భయపడ్డ నోరు, తప్పు చేసిన నోరు కాదన్నారు తాతయ్య. జట్టు విరిగిపోతుందని తన భయం, పరువు పోతుందని అతని భయం. చేసినవాడికి ఆ రెండూ లేకపోతే నోరు హాయిగా ఊరుతుందన్నారు. అంతసేపూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అదే నాకు అనుమానం. ఆయనకు తెలుసో తెలియదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

పడవ మామయ్య తువ్వాలుతో చేయి తుడుచుకున్నారు. "మా ఇంటికి ఇంక బంతి వద్దండి తాతగారూ. దానికి కాపలా కాయడం మావల్ల కాదండి" అని కొడుకుని తీసుకుని వెళ్ళిపోయారు.

కొత్త తిత్తి వేయించి కుట్టిస్తే బంతి బాగై వచ్చింది గానీ దాన్ని తీసుకోవడానికి ఏ ఇల్లూ ముందుకు రాలేదు. రేపు తమ మీద పడుతుందేమోనని అందరికీ జంకు. అంతమంది బియ్యంతో వచ్చిన బంతి లాకు గదిలో అనాథలా పడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

ఆదివారం అందరూ చేరినప్పుడు మడుగు, దాలి, ఆముదం అన్నీ చెప్పేశాను. ఈసారి నా నాలుక నిజంగానే అంగిట్లో అతుక్కుపోయింది. బంతి ఎత్తుకుని పడవ మామయ్య ఇంటికి నడిచాను. నా వెనకే ఊరూ వచ్చింది. ఆయన ముందు మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆయన బంతి అందుకుని కుట్లు తడిమి చూశారు.

"దాలి మీద పెట్టావుట్రా! మీగడ కట్టిందా మరి?" అన్నారు. ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాలలేదు. ఆయన తాతయ్య వైపు తిరిగి, మెల్లగా అడిగారు:

"అయితే ఈ వారం వంతు మాదేనాండీ?"

మా ఇంటికి వచ్చిన తరువాతి వంతు నేను వాళ్ళకే ఇచ్చేశాను. ఆ వారమంతా రోజూ వెళ్ళి, వాళ్ళ చూరు నీడన కూర్చుని బంతికి ఆముదం రాశాను, ఆయన చూస్తుండగా. ఇప్పుడు నలుగురూ కలిసి ఎవరి మీదైనా వేలు చూపిస్తుంటే నా నోట తడి ఉందేమో చూసుకుంటాను. ఉంటే, నాకు తెలిసినదేదో దాచుకుంటున్నానేమోనని ముందు నన్నే వెతుక్కుంటాను.