పుట్టికి పెట్టిన బొట్టు

మహర్నవమి పొద్దున మా మార్కాపురం ఇంట్లో మనవడి భార్య పళ్లెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని ఇల్లంతా కలియదిరుగుతోంది. గ్రైండరుకు బొట్టు పెట్టింది, కుట్టుమిషనుకు పెట్టింది, వాకిట్లో మోటారుసైకిలుకు ముందూ వెనకా పెట్టింది. చివరికి నా మంచం దగ్గరికొచ్చి, గోడకు ఆనించిన నా చేతికర్రను చూసి, "అవ్వా, దీనికీ పెట్టేదా?" అంది. "పెడితే పెట్టు గానీ, రేపు పొద్దున దాకా నన్ను బాత్రూముకు ఎవరు తీసుకుపోతారు?" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నా మాటలో సగం నిజమే. మా వైపు నవమినాడు పనిముట్లన్నీ కడిగి, బొట్టు పెట్టి, పూజ చేసి పక్కన పెడతారు. మరునాడు దశమి పొద్దున కొబ్బరికాయ కొట్టి పూజ ఎత్తేదాకా వాటితో పని చేయరు. నాగలి నుంచి కత్తిపీట దాకా అన్నిటికీ ఆ ఒక్కరోజు సెలవు. కాబట్టి ఏ వస్తువుకైనా బొట్టు పెట్టే ముందు, దాంతో ఎవరికి పనుందో కనుక్కోవాలి. ఈ సంగతి నాకు పదిహేడో ఏట తెలిసొచ్చింది.

అప్పటికి నేను కాపరానికి వచ్చి ఆరు నెలలు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు, పైగా యుద్ధకాలం. మాది కర్నూలు జిల్లా కిందే ఉండేది. అత్తగారి ఊరు కంభం చెరువు ఒడ్డున. చెరువు అంటే ఏదో గుంట అనుకునేరు. కొండల మధ్య కట్ట వేసి ఆపిన నీళ్లు అవి. వానాకాలం బాగా కురిస్తే అవతలి ఒడ్డున మనిషి ఉన్నాడో మాను ఉందో తెలిసేది కాదు. మా పొలాలన్నీ పసుపే కాబట్టి ఇల్లు, బట్టలు, చివరికి అత్త జడ కూడా పసుపు వాసన వేసేవి. ఆమె మంచి మనిషే గానీ జ్ఞాపకశక్తి మరీ ఎక్కువ. ఉగాదినాడు నేను రోకలికి బొట్టు పెట్టడం మరిచిపోయానని వచ్చిన చుట్టానికల్లా చెప్పేది. నీళ్లబిందెతో వాకిట్లోకి వచ్చిన చాకలామెకు కూడా చెప్పింది. అందుకని ఈ నవమికి ఒక్క వస్తువు కూడా నా చెయ్యి తప్పించుకుని పోకూడదని పంతం పట్టాను. ఆ పంతమే కొంప ముంచింది.

అష్టమినాడు మధ్యాహ్నం, వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, ఒక మొగుడూ పెళ్లామూ పుట్టిలో వచ్చి మా ఒడ్డున దిగారు. పుట్టి ఇప్పటివాళ్లు చూసి ఉండరు. వెదురుతో పెద్ద బుట్ట అల్లి, బయట తోలు బిగించి, తారు పూస్తారు. అది నీళ్లలో తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. ఆయన దాన్ని వీపు మీదికెత్తుకుని మా దొడ్లోకి తెచ్చి గోడకు బోర్లించాడు. ఆమె చుక్కాని లాంటి మనిషి, నడిపేదీ మాట్లాడేదీ ఆమే. "పెద్దమ్మా, ఈ రాత్రికి మీ కొట్టంలో తల దాచుకుంటాం. పొద్దున్నే పోతాం" అంది. అత్త వెంటనే కొర్రన్నం, గోంగూర పచ్చడి పెట్టించింది. మరునాటి ఓళిగల కోసం రుబ్బిన పూర్ణంలోంచి కూడా రెండు ఉండలు తీసి పెట్టింది. అది నాకు ఎప్పుడూ పెట్టలేదు.

వాళ్లు చెరువు పడమటి మూల నుంచి బయలుదేరి అప్పటికి నాలుగు రోజులు. కట్ట దగ్గరున్న ఆమె పుట్టింటికి పోవాలి. ఎండాకాలమైతే ఒక్కపూట నడక. కానీ వాగులన్నీ పొంగి దారులు తెగాయి. పుట్టిలో నడిచెరువుకు పోతే గాలి తిప్పి పారేస్తుంది. అందుకని ఒడ్డు ఎటు వంకర తిరిగితే అటు తిరుగుతూ, గాలి లేస్తే దిగుతూ, వాన పడితే పుట్టి కిందే దూరుతూ వస్తున్నారు. "ఇంత వానలో ఏం తొందరమ్మే? పండగ అయినాక పోరాదా?" అని అత్త అడిగింది. అప్పుడు చెప్పింది ఆమె అసలు సంగతి.

వాళ్లది గొర్రెలు కాచే ఇల్లు. పెళ్లయిన రెండో ఏడు రోగం వచ్చి ఆయన మంద మొత్తం చచ్చిపోయింది. మామ, అంటే ఈమె తండ్రి, తన మందలోంచి ఇరవై గొర్రెలు తోలుకుపొమ్మన్నాడు. ఈయన తోలుకుపోలేదు. ఒకరి మందతో బతకనని పుట్టి అల్లుకుని, చెరువు మీద మనుషుల్ని దాటిస్తూ, చేపలు పడుతూ బతకడం మొదలుపెట్టాడు. ఆ ముసలాయనకు అది తల కొట్టేసినట్టయింది. "గొర్రెలు కాసే ఇంట పుట్టి చేపల బుట్ట పట్టినాడు. ఆ పుట్టి వదిలేదాకా నా గడప తొక్కొద్దు" అన్నాడు. అల్లుడూ వదల్లేదు, మామా మెత్తబడలేదు. అట్లా మూడేళ్లు గడిచాయి.

"మా నాయనకు చూపు పోతాందంట పెద్దమ్మా. సగం పోయిందని చెప్పి పంపినారు" అంది ఆమె, ముద్ద కలుపుతూనే. "దశమి సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెడితే పగోడైనా కాదనడు కదా. కూతురు పెడితే కాదంటాడా? చూపు ఉండంగనే పెట్టాల. వచ్చే ఏడు అంటే నా మొగం చూస్తాడో లేదో."

"పుట్టి మా ఒడ్డున వదిలి, నువ్వొక్కదానివే పో. మా వాడు తోడొస్తాడు" అన్నాడు మా మామ, మా ఇంటాయన తండ్రి.

ఆమె తల అడ్డంగా ఊపింది. "దాచిపెట్టి పోతే మా ఆయన కష్టం దొంగతనం అయినట్టు కదా మామా. పుట్టితోనే పోతాం." ఆమె మొగుడు కంచంలో మిగిలిన మెతుకులు వేలితో కూడగట్టుకుంటూ ఒక్కసారి ఆమె వైపు చూశాడు. పెళ్లయిన ఆరు నెలల్లో మా ఇంటాయన నన్ను అట్లా చూసి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

మరునాడు నవమి. పొద్దు పొడవక ముందే వాళ్లిద్దరూ స్నానానికి ఒడ్డుకు పోయారు. నేను అంతకంటే ముందే లేచి నా పళ్లెం పట్టుకున్నాను. నాగలి, గొర్రు, కొడవళ్లు, పసుపు తవ్వే పారలు, ఎద్దుల బండి, రోలు, రోకలి. రోకలికి రెండు పెట్టాను, ఉగాది బాకీ తీరనీ అని. దొడ్లోకి వచ్చేసరికి పుట్టి కనబడింది. ఇంట్లో ఉన్న పనిముట్టు కదా, వదిలితే అత్త ఊరుకుంటుందా? అంచు చుట్టూ పసుపు ముద్దగా రాసి, వేలెడు వేలెడు దూరాన కుంకుమ బొట్లు పెట్టాను. పక్కనున్న తెడ్డుకు కూడా పెట్టాను. రెండు బంతిపూలు గుచ్చి, హారతి ఇచ్చి, దండం పెట్టుకుని, చాలా గొప్పగా లోపలికి వెళ్లి "అత్తా, ఒక్కటి కూడా వదల్లేదు" అని చెప్పాను.

వాళ్లు తిరిగొచ్చి, పుట్టిని చూసి, అత్తను పిలిచారు. అత్త బయటికి వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిట్టడానికి లేదు, ఆమె చెప్పినట్టే చేశాను. మెచ్చుకోవడానికీ లేదు. పూజ చేసిన పుట్టిని ఇక దశమి పొద్దున దాకా నీళ్లలోకి దించకూడదు. దశమి పొద్దున బయలుదేరితే ఒడ్డు వంకరలన్నీ తిరిగి కట్ట చేరేసరికి ఏకాదశి. జమ్మి వేళ దాటిపోతుంది.  ఆ వచ్చిన ఆయనే మొదట మాట్లాడాడు. "పోనీలే, తెలియక పెట్టింది. కడిగేస్తే సరి."

"కడగొద్దు" అంది ఆమె. "పండగనాడు ఒక ఇంటి కోడలు పెట్టిన బొట్టు నేను తుడవను. పోయేది కూడా మానను." చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, మా ఊరి వెనకున్న కొండగట్టు వైపు చూసింది. "మామా, ఆ గట్టు అవతల ఏముంది?"

"మళ్లా చెరువే తల్లీ. గట్టును చుట్టుకుని అటు పోతాది."

"అయితే ఇంకేమి. పుట్టి నీళ్లలోనే పోవాల్నా ఏంది? ఈ పూట మా నెత్తిన పోతాది. రేపు పొద్దున అవతల దింపుతాం. చుట్టూ తిరిగే దూరం తప్పుతాది."

పూజ చేసిన దాన్ని మోయవచ్చా అని అందరం మామ వైపు చూశాం. ఆయన పొగాకు నలిపి దవడన పెట్టుకున్నాడు. "పని చేయించుకుంటే తప్పు గానీ, మోస్తే తప్పేంది? దేవుణ్ణి మోయడంలా?" అన్నాడు. అంతే, ఆమె మొగుడు పుట్టిని ఎత్తి తల మీద బోర్లించుకున్నాడు, ఆమె వెనక అంచు కింద దూరింది. బయటికి నాలుగు కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. నేను తెడ్డు అందుకున్నాను. "నువ్వెక్కడికి?" అంది అత్త. "తప్పు నాది అత్తా, మోత కూడా నాదే" అన్నాను. ఆ ఇంట్లో నేను ఎదురు చెప్పిన మొదటి మాట అది. అత్త నన్ను కిందికీ మీదికీ చూసి, మా ఇంటాయనతో "నువ్వు కూడా పో, వాళ్ల మూట మోయి" అంది. నా కొంగులో కొబ్బరికాయ, నాలుగు ఓళిగలు కట్టింది.

ఆ గట్టు ఎక్కడం ఇప్పటికీ నా మోకాళ్లకు గుర్తుంది. వానకు రాళ్లన్నీ జారుతున్నాయి. సీతాఫలం పొదల్లో కాయలు పగిలి తీపి వాసన. పుట్టి కింద నడిచేవాళ్లకు దారి కనబడదు కాబట్టి నేను ముందు నడుస్తూ "రాయి, రాయి, గుంత, కుడికి రా అన్నా" అని చెబుతూ పోయాను. ఒకచోట ఆమె కాలు జారి మోకాలు చీరుకుపోయింది. పుట్టి కిందనుంచి ఆమె గొంతు, "బొట్టు చెరిగిందా చూడమ్మీ" అని. మోకాలి సంగతి ఎత్తలేదు. మధ్యాహ్నానికి అవతలి ఒడ్డు చేరాం. మర్నాటి దాకా వాళ్లు పుట్టి కిందే ఉంటామన్నారు. నేను కొబ్బరికాయ ఇచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. "మా నాయన జమ్మి తీసుకుంటే నీకో రెమ్మ తెస్తా. తీసుకోకపోతే ఈ దోవన రానమ్మీ, ఎదురు చూడొద్దు" అంది.

చూడకుండా ఎట్లా ఉంటాను? పేడ ఎత్తుతున్నా చెరువు వైపే కళ్లు. అత్త కూడా ఏ పనీ లేకుండా దొడ్డి గోడ దగ్గరికి పోయి వస్తుండేది. నేను చూస్తే "తీగకు కాయలున్నాయేమో చూస్తున్నా" అనేది. ఆ తీగ ఎండిపోయి నెలయింది. ఎనిమిది రోజులు గడిచాయి. ఇక రారని, నా బొట్టు వల్లే ఒక తండ్రీ కూతుళ్లు దూరమయ్యారని నిశ్చయించుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దెక్కాక నీళ్ల మీద గుండ్రంగా తిరుగుతూ ఒక నల్లటి చుక్క కనబడింది.

ఆమె దిగీ దిగకముందే చెప్పడం మొదలుపెట్టింది. దశమినాడు పొద్దు గుంకే వేళకు ఊరు చేరారట. పుట్టిని ఎత్తుకునే ఇంటికి పోయారట. తండ్రి అరుగు మీద ఉన్నాడు, గొర్రెలు తోలే కర్ర పక్కనే ఉంది. ఎవరో చెప్పారు, కూతురూ అల్లుడూ పుట్టితో వచ్చారని. "నా వాకిట్లోకా?" అని లేచి, సరిగా కనబడక చేతులు చాపుకుంటూ వచ్చాడు. పుట్టిని నూకి పారేయాలని రెండు చేతులూ దాని అంచు మీద వేశాడు. వేళ్లకు పసుపు తగిలింది. ఆగిపోయాడు. అంచు వెంబడి తడుముకుంటూ ఒక్కో బొట్టునూ వేలితో లెక్కపెట్టినట్టు చుట్టూ తిరిగాడు. తర్వాత చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నవమి పూజ చేసినారా దీనికి? ఎవురు?" అన్నాడట.

"సేద్యగాళ్ల ఇంటి కోడలు నాయనా. వాళ్ల నాగలితో పాటు చేసింది."

 మా వైపు మనిషికి పూజ చేసిన పనిముట్టును తోసేయడం చేతకాదు. ముసలాయన వంగి పుట్టి అంచును ముట్టుకుని, ఆ చేతులు కళ్లకు అద్దుకున్నాడు. "నాగలితో పాటు చేసినారంటే ఇది కూడా పనిముట్టేలే" అన్నాడట అల్లుడి వైపు తిరిగి. కూతురు అప్పుడు జమ్మి ఆకు పెడితే, ఆ పసుపు చేతుల్తోనే పుచ్చుకున్నాడు. ఇది చెబుతూ ఆమె మా దొడ్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. నా చేతిలో ఎండిన జమ్మి రెమ్మ పెట్టింది. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, "మా కోడలు ఒక్కటి కూడా వదలదమ్మా" అంది. ఆ తర్వాత వచ్చిన చుట్టాలందరికీ రోకలి కథ బదులు ఈ కథే చెప్పింది.

మరుసటి దసరాకు ఆ ముసలాయనకు చూపు పూర్తిగా పోయిందని విన్నాను. కూతురి మొగం చూడగలిగిన ఆఖరి పండగ అదే అయింది.

మనవడి భార్య ఇంకా పళ్లెం పట్టుకుని నిలబడే ఉంది. "పెట్టు తల్లీ" అన్నాను. కర్రకు మూడు చోట్ల పసుపు రాసి బొట్టు పెట్టి, మూలన నిలబెట్టింది. అప్పటినుంచీ ఆ పిల్ల భుజం పట్టుకునే తిరుగుతున్నాను. ఆనాడు ఒక్క రోజు పోతే ఒక తండ్రి దక్కడని గట్టు ఎక్కి పరిగెత్తాం. ఇప్పుడు నా దగ్గర మిగిలిన రోజులు ఆనాటికంటే చాలా తక్కువ, అయినా వాటిలో ఒకదాన్ని ఈ కర్ర పక్కన తీరిగ్గా కూర్చోబెట్టడానికి నాకేమీ దిగులు లేదు.