సత్తెమ్మ పెద్దమ్మ మల్లెకొమ్మ

ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ గేటు ముందు మొక్కల ఆటో ఆగి, మైకులో గులాబీ, మందార, మల్లె అని అరుస్తుంటే, అప్పుడే నీళ్లు చల్లిన నల్ల కవర్లలోంచి తడి ఎర్రమన్ను వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. అందరికీ ఆ వాసనకు ప్రాణం లేచి వస్తుందట. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఇట్లా అడిగిన వెంటనే చేతిలో పెట్టే దాని కోసమేనా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా పక్కింటి అరుగు మీద పడిగాపులు కాసింది అనిపిస్తుంది.

డెబ్బయ్యో దశకం చివర్లో హనుమకొండలోని మా గల్లీలో మొక్కలు కొనుక్కొచ్చిన వాళ్లను నేను చూడలేదు. తొలి వానలు పడి, ముసురు పట్టి, గల్లీ అంతా కాల్చిన మక్కకంకుల వాసనతో నిండే రోజుల్లో బంతినారు ఒకరింటి నుంచి, చామంతి పిలకలు ఇంకొకరింటి నుంచి, కనకాంబరం గింజలు ఎవరి కొంగు ముడిలోంచో ఇల్లిల్లూ తిరిగేవి. మా గోడ పక్కనే సత్తెమ్మ పెద్దమ్మ ఇల్లు. చుట్టం కాదు, వరసకే పెద్దమ్మ. ఆమె వాకిట్లో గూనపెంకుల దాకా పాకిన మల్లెపొద ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు దాని వాసన మా వంటింట్లోకి కూడా వచ్చేది.

అసలు ఆ పొద మా అమ్మదే. పెళ్లయిన కొత్తలో పరకాలలోని పుట్టింటి నుంచి వేరు తొడిగిన కొమ్మను తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అప్పుడు మా వాకిలంతా షాబాదు బండలే, పిడికెడు మట్టి లేదు. అందుకని పక్కింటి అక్కకిచ్చింది. తర్వాత నాన్న నాలుగు బండలు లేపించి మట్టి పోయించాడు గానీ, ఈలోగా అమ్మమ్మ పోయి, పరకాల ఇంట్లో నీళ్లు పోసే దిక్కులేక అక్కడి పొద ఎండిపోయింది. పుట్టింటి మల్లె ఇక సత్తెమ్మ పెద్దమ్మ వాకిట్లోనే మిగిలింది. ఆ చెట్టు కొమ్మ ఒక్కటి మా మట్టిలో నిలవాలని అమ్మకు పట్టుదల. కానీ తానిచ్చిన దాన్ని తానే పోయి అడగాలంటే నామోషీ. అందుకని నన్ను పంపేది.

"పెద్దమ్మా, అమ్మ మల్లెకొమ్మ అడిగి తెమ్మన్నది."

"ఇయ్యాల మంగళారం గద బిడ్డా."

మంగళవారం కాకపోతే శుక్రవారం, అదీ కాకపోతే అమాస దగ్గరికొచ్చింది, ఏదీ లేకపోతే దీపం పెట్టినంక చెట్టును ముట్టద్దు. లేదు, ఇవ్వను అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. నన్ను సరిగ్గా ఆ పొద పక్కనే అరుగు మీద కూర్చోబెట్టి, నువ్వులూ పల్లీలూ పంటికింద పడే వేడి సర్వపిండి ముక్క చేతిలో పెట్టి, "జర కూసో, పొయ్యి మీద పాలున్నయ్" అని లోపలికి పోతే ఎంతకీ బయటికి వచ్చేది కాదు. లోపల ఊరికే గిన్నెల చప్పుడు వినిపించేది. పరాయి ఇంట్లో ఆకు కూడా ముట్టవద్దని మా ఇంట్లో నేర్పిన బుద్ధి. బుద్ధిమంతురాలిలా పిండి తిని, చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. అవతల గల్లీ పిల్లలంతా వాననీళ్లలో పడవలు వదులుతూ కేకలు పెడుతుంటే నాకు ఏడుపొచ్చేది. చివరికి పెద్దమ్మ వచ్చి, పొదను చూసి, నా చేతులను చూసి, "ఇగ ఇంటికి పో" అని నిట్టూర్చేది. వట్టి చేతులతో ఇంటికొస్తే అమ్మ చెంబు ఠపీమని పెట్టి, "రేపు మళ్ల పో" అనేది.

మరుసటి ఏడు ఎండాకాలం పెద్దమ్మ కొడుకు ముందర ఒక గది వేయించాలని పొదను కొట్టించేశాడు. నేను ఉరికేసరికి వాకిట్లో కొమ్మలు కుప్పపడి ఉన్నాయి. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఒక కొమ్మ తీసి నా చేతిలో కుక్కింది.

"నీ అసొంటి పిచ్చిదాన్ని యాడ సూడలే. నువ్వు తెంపుకపోతవనే గద నేను లోపలికి పోయింది. మల్లె చేత్తోటి ఇస్తే పట్టది బిడ్డా, ఇంటోళ్లు సూడకుంట తెంపుకపోవాలె. గిది గూడ ఎరుకలేదా మీ అమ్మకు?"

పరుగున వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె కొమ్మను మట్టిలో గుచ్చుతూ, తల కూడా ఎత్తకుండా, "నాకెరుకనే" అంది. "నేనిచ్చిన చెట్టును నేనే దొంగతనం చేయించాల్నా?"

ఇద్దరికీ తెలుసు. వానాకాలమంతా తిరిగిన నాకే తెలియదు. ఆ బండల మీదే కూలబడి కోపంతో వెక్కి వెక్కి ఏడ్చాను. మండుటెండలకు ఎన్ని నీళ్లు పోసినా కొమ్మ ఎండిపోయింది. "చేత్తోటి ఇస్తిని, ఎట్ల పడ్తది" అని పెద్దమ్మ గోడ అవతలి నుంచి అంటే అమ్మ ఆ ఎండుకొమ్మకే ఇంకో చెంబు నీళ్లు పోసింది. ఆ వారమే ఇద్దరూ కలిసి మామిడికాయ తొక్కు పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ గల్లీలో గోడకూ గోడకూ మధ్య సిమెంటే. కొంగున గింజలు ముడేసుకుని వచ్చేవాళ్లు లేరు, సత్తెమ్మ పెద్దమ్మా లేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నేను కొనుక్కొచ్చిన ప్రతి మల్లెనూ వాసన చూసి, "మల్లెనే" అని ఊరుకుంటుంది. మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "అప్పుడు నాకొక్క మాట చెప్తే అయిపోతుండె గదనే, నేనే తెంపుకొచ్చేదాన్ని."

అమ్మ మెల్లగా అంది.

"అక్క నన్ను పిలిచి ఇస్తదనుకున్న."