తోకచుక్క విరిగిన సాయంత్రం

ఆ కొండ మీద ఆవిడ ఉద్యోగం, పగలు నిద్రపోయేవాళ్ళ గదులు సర్దడం. టెలిస్కోపు దగ్గర రాత్రంతా మేలుకునే శాస్త్రవేత్తలు తెల్లారాక వచ్చి పడుకునేవారు. కిటికీలకు దళసరి నల్ల పరదాలు. వరండాలో చెప్పుల చప్పుడు వినబడకూడదు. బకెట్టును కూడా పసిపిల్లను పడుకోబెట్టినట్టు కింద పెట్టాలి. చేరిన కొత్తలో ఒకసారి తుమ్ము ఆపుకోలేక దుప్పట్ల దొంతరలో మొహం దాచుకుంది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భర్త పగలబడి నవ్వాడు.

"నయం, నన్ను పెట్టుకోలేదు వాళ్ళు. నా గురకకి నక్షత్రాలు రాలిపోయేవి," అంది అత్తగారు.

భర్త అక్కడే మెకానిక్కు. టెలిస్కోపు మీద బోర్లించిన పెద్ద గుండ్రటి కప్పు ఉంటుంది, డోము అంటారు. దానికి నిలువునా ఒక చీలిక, చీలికకు ఇనుప తలుపులు. పొద్దు వాలేసరికి అవి తెరుచుకోవాలి. చలికాలంలో పట్టాల మీద మంచు గడ్డకట్టి తలుపులు బిగుసుకుపోతే, అతను డోము వెనక నిచ్చెన ఎక్కి కర్రసుత్తితో ఆ మంచు కొట్టేవాడు. నిచ్చెన పొడవునా ఒక ఉక్కుతీగ ఉండేది. నడుం బెల్టు కొక్కెం దానికి తగిలించుకుని ఎక్కాలి. కిందటి చలికాలంలో ఆ తీగ తెగిపోయింది. కొత్తది వేయమని ఆఫీసులో అడిగి అడిగి అతనికి నోరు నొప్పి పుట్టింది. "తెప్పిస్తున్నాం" అనేవాళ్ళు. తగిలించడానికి తీగ లేక బెల్టు ఇంట్లో మేకుకు వేలాడుతుండేది.

ఆ ఏడు ఒక తోకచుక్క వచ్చింది. మన సూర్యుడి చుట్టూ తిరిగేది కాదు. ఎక్కడో మరో నక్షత్రం దగ్గర పుట్టి, తన దారిన పోతూ ఇటు వచ్చింది. అలాంటివాటిని శాస్త్రవేత్తలు కళ్ళారా చూడటం ఈమధ్యే మొదలైందట. సూర్యుడి వేడికి అది పగుళ్ళిచ్చింది. పొద్దుగూకాక కాసేపు పడమట కనబడి, కొండల వెనక్కి దిగిపోయేది. వారమంతా మబ్బు పట్టింది. ఆకాశం తేటపడిన సాయంత్రం డోము తలుపులు బిగుసుకున్నాయి.

ఆవిడ డోము కింద తాడు మీద ఆరేసిన దుప్పట్లు తీస్తోంది. ఆ తోకచుక్కను మొదటినుంచీ వెంటాడుతున్న శాస్త్రవేత్త బయటికొచ్చింది. అందరూ ఆమెను మేడమ్ అనే పిలిచేవారు.

"రేపటికి అది మిగలదు. ఏదో ఒకటి చెయ్యండి," అంది మెకానిక్కుతో.

"గాలి ఎక్కువగా ఉంది మేడమ్. తీగ కూడా లేదు కదా."

"తెలుసు," అంది మేడమ్. ఎక్కమనలేదు, వద్దనలేదు.

అతను చేతులకు తొడుగులు వేసుకున్నాడు. భార్య వైపు తిరిగి, "ఏమే, అవి లోపల పెట్టు. తేమ పట్టేస్తాయి," అన్నాడు.

పైనుంచి సుత్తి చప్పుడు వినబడింది. మంచు పెళ్ళలు రాలాయి. తలుపులు మూలుగుతూ కదిలాయి, ఆ కుదుపుకి అతని కాలు జారింది. కేక వినబడలేదు. మరో మంచు పెళ్ళ పడిందనుకుందావిడ.

జీపులో వెనక సీటు మీద అతని తల ఒళ్ళో పెట్టుకుంది. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉంది. కొండ సగం దిగేసరికి ఆ చేతికి వెచ్చదనం తగలడం ఆగిపోయింది.

"మెల్లిగా పోనివ్వు బాబూ," అంది డ్రైవరుతో. "ఇంక తొందరేం లేదు."

తోకచుక్క ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. నల్లటి నీలంలో వరసగా ముక్కలు, ఒక్కో ముక్కకు ఒక్కో తోక, వెలుగే పొగై పోతున్నట్టు. ఫోన్లలో పెట్టుకున్నారు, మందుల షాపు గోడకు కూడా అంటించారు. అత్తగారు పేపరు ఒళ్ళో పరుచుకుంది.

"ఇదేనా?"

"ఇదే అత్తయ్యా."

ముసలావిడ చాలాసేపు చూసింది. "బాగుంది," అంది. అన్నాక తన నోటిని తనే కొట్టుకుని ఏడ్చింది.

విచారణ రిపోర్టులో, బెల్టు పెట్టుకోకపోవడం వల్లే మరణించాడని రాశారు. ఆవిడ ఆ బెల్టు తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టింది. "దీన్ని దేనికి తగిలించాలో చూపించండి."

"తీగ ఉంది కదమ్మా, చూసుకో," అన్నాడు అధికారి కిటికీలోంచి చెయ్యి చాపి. నిజమే. నిచ్చెన పక్కన కొత్త తీగ మెరుస్తోంది. అతను చనిపోయిన వారంలోపే బిగించారు.

ఆవిడ తిన్నగా మేడమ్ గది దగ్గరికి వెళ్ళి తలుపు బాదింది. అన్నేళ్ళలో అక్కడ ఒకరిని నిద్ర లేపడం అదే మొదటిసారి.

"తీగ లేదని ఆయన మీతో చెప్పారు. నేను విన్నాను. ఆ మాట వాళ్ళకి చెప్పండి."

మేడమ్ మంచం మీద కూలబడింది. "చెబితే నన్నిక్కడ ఉండనివ్వరు అక్కా."

"నన్ను మాత్రం ఉంచుతారా?"

మేడమ్ దుప్పటి ఒళ్ళోకి లాక్కుంది.

"ఆ ఫొటో ఎప్పుడు తీశారు?" అని అడిగిందావిడ.

"మీ జీపు మలుపు తిరుగుతున్నప్పుడు. దాని లైట్లు కనబడుతూనే ఉన్నాయి." మేడమ్ తల దించుకుంది. "ఆయన తెరిచి వెళ్ళిన తలుపులు మూయలేకపోయాను."

"ఆయన మీదికి నెట్టకండి. మీకు కావాలి, తీసుకున్నారు."

"అవును," అంది మేడమ్.

మర్నాడు మేడమ్ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. రిపోర్టులో ఆ వాక్యం కొట్టేశారు. దాని బదులు తీగ లేదని రాశారు. అధికారిని ఇంకో చోటికి మార్చారు. మేడమ్‌కి ఆ టెలిస్కోపు మళ్ళీ ఇవ్వలేదు. గదులు సర్దే పనికి వేరే మనిషిని చూసుకున్నామని ఆవిడకు కబురొచ్చింది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. క్వార్టరు ఖాళీ చేసి, కోడలూ అత్తా కొండ దిగారు.

ఇప్పుడు ఆవిడ కింద ఆస్పత్రిలో బట్టలు ఉతికే చోట పనిచేస్తోంది. ఆ రోజు జీపు ఆగిన ఆస్పత్రే. మొదట్లో చుట్టు తిరిగి వెనక గేటులోంచి వెళ్ళేది. ఒకనాడు వానలో ఆ గేటు మూసేస్తే ముందు నుంచే వెళ్ళింది. తర్వాత అదే అలవాటైపోయింది.

సెలవురోజుల్లో అత్తగారిని గడప దగ్గర కూర్చోబెట్టి తల దువ్వుతుంది. అతని మాట ముందు ఎవరెత్తుతారా అని ఇద్దరూ చూస్తారు. ఎక్కువసార్లు అత్తగారే ఎత్తుతుంది.