బుచ్చిరాములు తడిపిన మూల

నాచారం దారపు మిల్లు వెనక కబడ్డీ బరిలో బుచ్చిరాములును పట్టిన బయటివాడు ఎనిమిదేళ్లలో ఒక్కడూ లేడు. అదంతా సొంత నేల మహిమ అని మిల్లు పెద్దలు మైకులో చెప్పేవారు. మహిమా లేదు, మట్టీ లేదు. పొద్దుటి షిఫ్టు దిగి ఆ బరికి నీళ్లు కొట్టేది బుచ్చిరాములే. రెండు వైపులా ఎడమ మూలకు ఇంకో రెండు బిందెలు పోసేవాడు. పైకి ఆరినట్టుండే మన్ను లోపల మెత్తగా ఉండేది. చర్లపల్లి లాంటి బయటి జట్టు అక్కడ నిలబడితే కాళ్లు జారేవి. ఇతను కూత ఆపకుండా అటే పోయి, తాకి, గీత దాటి వచ్చేవాడు. మిగతా పని జనం అరుపులు చేసేవి.

1988లో ఓ ప్రభుత్వ కంపెనీ ఆటగాళ్ల కోటాలో ఒక్క ఉద్యోగం ప్రకటించింది. వయసు హద్దు ఇరవై ఐదు. మిల్లులో ఇంకా టెంపరరీగానే ఉన్న బుచ్చిరాములుకు అదే ఆఖరు ఏడు. ఎంపిక చేసే నరసింహమూర్తి గారి చుట్టూ తిరిగి, పోటీ నాచారంలోనే పెట్టమని బతిమాలి ఒప్పించాడు. ఆరోజు ఇంటికొచ్చి, “మన తాన నన్నెవడు పడ్తడే” అన్నాడని భార్య శ్యామలమ్మ తర్వాత నాతో చెప్పింది.

నాచారంలో పోటీ అనగానే బయటి ఆటగాళ్లు చాలామంది రానేలేదు. మిగిలిన వాళ్లను నరసింహమూర్తి గారు చీటీలు తీసి రెండు జట్లు చేశారు. అవతలి ఏడుగురిలో ఆరుగురు మిల్లువాళ్లే. బుచ్చిరాములు అలవాటుగా ఎడమకే వెళ్లాడు. ఆ మూలలో ఎవరూ నిలబడలేదు. వెనక్కి మళ్లేసరికి ఆ మెత్తటి మన్నులో తన కాలే జారింది. రోజూ తనతో బిందెలు మోసిన దామోదర్ చీలమండ పట్టేశాడు. అలా మూడుసార్లు. మూడోసారి పట్టు వదలకుండానే చెవిలో అన్నాడు:

“ఏమనుకోకు బావ, నాకు గూడ గిదే ఆఖరు ఏడు.”

ఎవరి పేరు అరవాలో తెలియక జనం ఊరకే చూశారు. ఉద్యోగం దామోదర్‌కు వచ్చింది.

మరుసటేడు దామోదర్ కొత్త జట్టుతో నాచారం వచ్చాడు. జనం అతని పేరే అరిచారు. మిల్లు జట్టు ఓడిపోయింది. బరి అంతా ఒకేలా ఆరి ఉంది. ఎడమ మూల ఎందుకు తడపలేదని బుచ్చిరాములును అడిగాను.

“ఎవని మీదికని తడపాలె అన్నా?” అన్నాడు.