మా చర్చిలో ఉప్పు చూసే మనిషి

మా ఇంట్లో బయట తిని రావడం నేరం కాదు. తిని వచ్చి వివరాలు చెప్పకపోవడం నేరం.

అండమాన్‌లో, డాలీగంజ్‌లోని మా ఇంటి గుమ్మంలో నేను చెప్పులు విప్పే లోపలే అమ్మ విచారణ మొదలవుతుంది. ఏం తిన్నావు, అందులో ఏం వేశారు, ఉల్లిపాయ తరిగి వేశారా నూరి వేశారా, పైన నూనె తేలిందా. అమ్మ మాత్రం హోటల్లో అడుగు పెట్టదు. హోటల్ వాళ్ళు ఉప్పు చూడకుండా వడ్డించేస్తారని ఆమె గట్టి నమ్మకం. అయితే హోటళ్ళ గురించి వినడానికి ఏ అభ్యంతరమూ లేదు. అంతా విని, ఆ శనివారం అదే వంటకం "సరిగ్గా" చేసి మా ముందు పెడుతుంది. పోర్ట్ బ్లెయిర్ హోటళ్ళన్నీ కలిసి చిత్తుప్రతులు రాస్తుంటే, మా అమ్మ కూర్చుని దిద్దుతోందన్నమాట.

ఈమధ్య ఆఫీసులో ఒకడికి ప్రమోషన్ వస్తే టూరిస్టులు వెళ్ళే హోటల్‌కి తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గరే ఐస్ మీద ఒక సురమై చేపని, అదే మన వంజరాన్ని, పడుకోబెట్టి, పక్కన పేరు, బరువు రాసిన అట్టముక్క పెట్టారు. చూడగానే టోపీ తీసి ఒక నిమిషం మౌనం పాటించాలనిపించింది. దానికే వెన్న, వెల్లుల్లి రాసి, కాల్చి, పైన కొత్తిమీర రెమ్మ గుచ్చి తెచ్చారు. పక్క టేబుల్ ఆవిడ తన చేపకి ఎనిమిది ఫోటోలు తీసి, తర్వాత ఫోన్ వైపు చూస్తూ తినేసింది. ఇంటికొచ్చి నివేదిక సమర్పించాను.

"చింతపండు లేదా?" అంది అమ్మ.

"లేదమ్మా."

"పచ్చిమిరపకాయ?"

"లేదు."

"మరేటి తిన్నట్టురా నువ్వు?"

మరోసారి ఆఫీసు పని మీద రంగత్ వెళ్ళి, బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఒక దీదీ పెట్టిన అన్నం, పప్పు, చేప వేపుడు తిన్నాను. అద్భుతంగా ఉంది. అమ్మకి మాత్రం "పర్లేదు, అంతంత మాత్రం" అని చెప్పాను. ఇంట్లో శాంతిభద్రతలు కూడా చూసుకోవాలి కదా.

వానాకాలం చివర్లో అమ్మకి జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం దిగలేదు. ఆ వారం నాన్న వండాడు. దాని గురించి రాయడం సభ్యత కాదు. అమ్మ లేచి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిన రోజు మేమిద్దరం పెళ్ళి విందుకి వచ్చినట్టు కంచాల ముందు కూర్చున్నాం. పప్పులో ఉప్పు లేదు. నీరసం వల్ల మరిచిపోయిందిలే అనుకున్నాం. మర్నాడు పులుసులో రెండు రోజుల ఉప్పూ ఉంది.

"అమ్మా, ఈ చేప తను ఇంకా సముద్రంలోనే ఉన్నాననుకుంటోంది," అన్నాను.

బల్ల కింద నాన్న నా కాలు తొక్కాడు. "సూపరుంది. నోర్మూసుకుని తిను," అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో మా నాన్న ఒక కూరని సూపర్ అనడం అదే మొదటిసారి. అక్కడే నాకు అనుమానం రావలసింది. కానీ అప్పుడు నేను నీళ్ళు తాగే పనిలో ఉన్నాను.

మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు చప్పగా, ఒకరోజు ఉప్పగా. ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు వంట ఎలా ఉందో అమ్మే మాకు చెప్పేది. ఇప్పుడు "పులుపు తగిలిందా? కారం ఎక్కువైందా?" అని మమ్మల్ని అడుగుతోంది. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే నా మొహంలోకి పరీక్ష ఫలితాల బోర్డు చూసినట్టు చూస్తోంది.

ఒక మధ్యాహ్నం, అమ్మ కట్టిన క్యారేజీని ఆఫీసులో కంప్యూటర్ వెనక దాచి, గోల్‌ఘర్ వైపు ఒక హోటల్లో దూరాను. బయట "ఆంధ్రా మీల్స్" అని బోర్డు. లోపల వండేది రాంచీ భయ్యా, వడ్డించేది బెంగాలీ దాదా. ఉన్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. మూల టేబుల్ దగ్గర ఇంకొకాయన ఉన్నాడు. మా నాన్న. పొద్దున్నే బ్యాంకు పనుందని బయల్దేరిన మనిషి, అరటాకు మీద రెండో వాయి సాంబారు కలుపుకుంటున్నాడు.

"ఏటిరా, డ్యూటీ లేదా నీకు?" అన్నాడు.

"ఉంది. బ్యాంకుని ఇక్కడికి ఎప్పుడు మార్చారు?"

"చుప్. కూర్చో." దాదా వైపు చెయ్యెత్తి, "ఏక్ ఔర్ మీల్స్" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ అమ్మకి రుచి తెలీట్లేదురా. జ్వరం వచ్చిన కాడినుంచి."

"అమ్మ చెప్పిందా?"

"చెప్తే మీ అమ్మెందుకవుద్ది? మొన్న పొద్దున్న నేను టీ పెట్టేను. పంచదార డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీసీసేను. నేను తాగేలోపు ఆవిడ గ్లాసుడూ తాగీసింది. తాగీసి, పంచదార కాస్త తగ్గింది అంది."

నేను నవ్వబోయి, ఆయన మొహం చూసి సాంబారు కలుపుకున్నాను.

"పై ఆదివారం చర్చి వార్షికోత్సవం," అన్నాడు నాన్న. "ఆ రోజు డేగిసా దగ్గిర నిలబడాలి గదా. అదీ బాధ."

ఇక్కడ మా చర్చి సంగతి చెప్పాలి. మాది దీవుల్లో పుట్టి పెరిగిన తెలుగు సంఘం. ఏటా వార్షికోత్సవం రోజు ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. కోడికూర మగవాళ్ళు వండుతారు. కనీసం వండుతున్నామని అరుస్తారు. కానీ పొయ్యి మీంచి డేగిసా దించే ముందు మా అమ్మ రావాలి. చెయ్యి కడుక్కుని, అరచేతిలో గరిటెడు పులుసు పోయించుకుని, నాలుకతో అద్ది, కళ్ళు మూసుకుంటుంది. "ఇంకో గుప్పెడు" అంటే వెయ్యాలి. "సరిపోయింది" అంటే దించాలి. అంతే, రెండో మాట లేదు. నేను పుట్టక ముందు నుంచీ ఇదే పద్ధతి. ఆ కళ్ళు మూసుకున్న క్షణంలో ఉండే నిశ్శబ్దం పాస్టరుగారి ప్రార్థనలో కూడా ఉండదు. ప్రార్థనలో కనీసం పిల్లలన్నా ఏడుస్తారు. ఆస్టినాబాద్ నుంచి వచ్చే ఒక ఆంటీ మాత్రం ప్రతి ఏడూ పక్కనే నిలబడి, "కాస్త తగ్గిందేమో అక్కా" అంటుంది. ఎవరూ పట్టించుకోరు. ఆవిడ కూడా పట్టించుకుంటారని అనుకోదు. అయినా అంటుంది, పళ్ళు తోముకున్నంత క్రమం తప్పకుండా.

మర్నాడు పొద్దున్న వంటింట్లో అమ్మ కొబ్బరి తురుముతుంటే వెళ్ళి గడప మీద కూర్చున్నాను.

"అమ్మా, ఉప్పు టీ ఎలా ఉంటుంది?"

తురుముతున్న చెయ్యి ఆగింది. "మీ నాన్న చెప్పీసేడా?"

"చెప్పాడు."

"అది ఉప్పు టీయా?" అంది. పాపం, ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. కొబ్బరి చిప్ప పక్కన పెట్టింది. "డాక్టర్ని అడిగేనురా. వస్తాది అన్నాడు. ఎప్పుడొస్తాదో చెప్పలేదు. మన ఓడలకి మల్లే."

"అయితే చర్చిలో చెప్పెయ్యి. ఈ ఏడు ఇంకెవరో చూస్తారు. ఏమైందిప్పుడు, ఉప్పే కదా. దేశానికి ఆర్థికమంత్రివా నువ్వు?"

"చెప్పీసి?" అంది అమ్మ. "మరి అక్కడ నేనెందుకు? పాట పాడతానా, ప్రసంగం చేస్తానా? చదువుందా నాకు? ఆ ఒక్క పూట అందరూ నాకేసి చూస్తారు."

నా దగ్గర అన్నిటికీ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ పూట జోకు బదులు ఒక కుట్ర తయారుచేశాను. నేను ముందే వెళ్ళి కూర రుచి చూస్తాను. అమ్మ ఎప్పటిలాగే పులుసు పోయించుకుని కళ్ళు మూసుకుంటుంది. తెరిచేసరికి నేను ఎదురుగా ఉంటాను. చేతులు కట్టుకుని ఉంటే సరిపోయినట్టు, గడ్డం గోక్కుంటే ఇంకో గుప్పెడు వెయ్యాలి. అమ్మ మొదట "దేవుడి చర్చిలో దొంగ పన్లా" అంది. రెండు నిమిషాలాగి, "గడ్డం ఎటేపు గోకుతావు?" అంది.

ఆదివారం వచ్చింది. చర్చి వెనక షామియానా కింద కూర ఉడుకుతోంది. పొగలో ఐదుగురు మగవాళ్ళు గరిటెలు పట్టుకుని ఒకళ్ళకొకళ్ళు సలహాలిచ్చుకుంటున్నారు. నేను గిన్నెలో కాస్త పులుసు అడిగి నాలుక మీద వేసుకున్నాను. చప్పగా అనిపించింది. మళ్ళీ చూశాను. మళ్ళీ చప్పనే. నెల్లాళ్ళుగా హోటళ్ళలో, ఇంట్లో ఉప్పు తిని తిని నా నాలుక ఏ స్థితికి చేరిందో నాకప్పుడు తట్టలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

అమ్మ కొత్త చీరలో వచ్చింది. చెయ్యి కడుక్కుంది. అరచేతిలో పులుసు పోశారు. నాలుకతో అద్ది, కళ్ళు మూసుకుంది. రెండొందల మంది ఆకలితో ఆమెకేసి చూస్తున్నారు. కళ్ళు తెరిచింది. నేను గడ్డం గోక్కున్నాను.

అమ్మ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పిట నింపింది. డేగిసా మీదకి తెచ్చి ఆపింది. పులుసు వైపు చూసింది. నా వైపు చూసింది. నేను ఇంకా గట్టిగా గోక్కున్నాను. ఆమె కళ్ళలో అప్పుడు కనిపించింది భయం కాదు, స్వచ్ఛమైన అవిశ్వాసం. ఇరవయ్యారేళ్ళుగా పెంచిన కొడుకు నాలుకని నమ్మి రెండొందల మందికి అన్నం పెట్టడం ఆమె వల్ల కాలేదు. గుప్పిట్లో ఉప్పు తిరిగి డబ్బాలో వదిలేసింది.

"నాకు జ్వరం తర్వాత రుచి తెలీట్లేదు," అంది పైకి, అందరికీ వినపడేలా. "ఇంకెవరన్నా చూడండి."

నేను గడ్డం మీంచి చెయ్యి తీయడం కూడా మరిచిపోయాను. జనంలో పెద్ద సందడి. "అయ్యో అక్కా", "మా మరిదికీ అంతే", "మిరియాలు నమిలి చూడు", "అరే బాబా, నిమ్మకాయ వాసన చూడాలి". అమ్మ అన్నిటికీ తల ఊపుతూ చెయ్యి కడుక్కుని, వెనక్కి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఆమె చుట్టూ ఉన్న కుర్చీలన్నీ ఖాళీ.

ఆస్టినాబాద్ ఆంటీ ముందుకొచ్చింది. ఇన్నేళ్ళ నిరీక్షణ కదా, గరిటెని రెండు చేతులతో పట్టుకుంది. రుచి చూసి "తగ్గింది" అంది. అనకపోతే ఇన్నేళ్ళూ అన్నది అబద్ధమైపోదూ. గుప్పెడు వేసింది. వంట చేసినవాళ్ళలో పెద్దాయనకి రోషం వచ్చి తనూ చూశాడు. "మసాలా పడితే గాని ఉప్పు పైకి రాదు" అని మసాలా వేసి, దానికి తోడు ఇంకో గుప్పెడు ఉప్పు వేశాడు. పాటల బృందం నుంచి ఒకావిడ చూసింది. యువజన సంఘం తరఫున ఒకడు చూశాడు. పాస్టరమ్మగారు మొహమాటంగా చూసి, మొహమాటంగానే చిటికెడు వేశారు. పాతికేళ్ళకి పైగా ఒక్క మనిషి చేసిన పని ఆ రోజు ప్రజాస్వామ్యం చేతికొచ్చింది.

చివరికి ఎవరో అసలు ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. బంగాళాదుంపలు వేస్తే ఉప్పు లాగేస్తాయన్నారు. సరుకుల ఓడ రాక నాలుగు రోజులైంది, బజార్లో దుంపలు లేవు. రెండు బకెట్ల నీళ్ళు పోశారు. కోడికూర కోడిచారు అయింది; ఉప్పు మాత్రం తన పట్టు వదల్లేదు.

అందరూ తిన్నారు. ప్రేమ విందు కదా, ప్రేమతో తిన్నారు. మజ్జిగ మొదటి పంక్తిలోనే అయిపోయింది. "బాగుంది, బాగుంది" అంటూ నీళ్ళ డ్రమ్ము దగ్గర వరుస కట్టారు. నాన్న నా చెవిలో "హోటల్ తెరిచుంటాదంటావా?" అన్నాడు. ఆ కూరని నిజంగా మారు వడ్డించుకుని తిన్నది మా అమ్మ ఒక్కతే. "ముక్క బాగా ఉడికింది," అని మెచ్చుకుంది కూడా.

సోమవారం అమ్మ నన్ను హోటళ్ళ గురించి ఏమీ అడగలేదు. మంగళవారం నేనే, ఎవరూ అడగకుండా, క్యాంటీన్ సమోసాలో ఏముందో వివరంగా చెప్పాను. "ఊఁ" అంది.

బుధవారం సాయంత్రం ఫోన్ మోగింది. ఆస్టినాబాద్ ఆంటీ. మా వాడలో సిగ్నల్ కిటికీ దగ్గరే దొరుకుతుంది, అదీ స్పీకర్లో పెడితేనే సరిగ్గా వినపడుతుంది. అందుకే మొత్తం నేనూ విన్నాను.

"వందనాలు అక్కా. క్రిస్మస్ విందుకి నువ్వే డేగిసా దగ్గిర నిలబడాల."

"నాకు రుచి తెలీదని చెప్పేను గదమ్మా."

"తెలీకపోతే పోనీ. నేను ముందే పక్కకెళ్ళి చూసి నీకు చెప్పీస్తాను. నువ్వు సరిపోయింది అను, చాలు. నువ్వంటే ఇంకెవరూ చెయ్యెట్టరు. నేనంటే ఊరంతా గుప్పిళ్ళట్టుకుని వచ్చీసేరు. చూసేవు గదా."

"వద్దులే. నువ్వే చూసుకో."

"అలాగనకు అక్కా. పాస్టరుగారు కూడా నిన్నే అడగమన్నారు."

"నాకెందుకమ్మా ఇయన్నీ," అంది అమ్మ. కానీ కిటికీ చువ్వ పట్టుకుని ఫోన్‌కి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"అక్కా, ప్లీజ్."

"ఒద్దంటున్నాను గదా."

మర్యాదకి నాలుగుసార్లు కాదన్నాక ఐదోసారి ఒప్పుకోవడం మా ఇంటి ఆచారం. కానీ అప్పుడే ఫోన్లో గరగరమని చప్పుడు మొదలై, అవతలి మాట తెగిపోవడం మొదలుపెట్టింది. మా దీవుల్లో తెగిన ఫోన్ మళ్ళీ ఎప్పుడు కలుస్తుందో ఎవరూ చెప్పలేరు. అమ్మ మొహంలో రంగు మారింది. ఐదోసారి అడిగేదాకా ఆగలేదు. కిటికీలోంచి సగం బయటికి వంగి, వీధి వీధంతా వినేలా అరిచింది.

"సరే, సరే! వస్తాను! ఎన్ని కిలోలు కోడి?"